మైదా బకెట్టు, కాగితం మనుషులు: మీ ప్రశ్నలు, నా జవాబులు

ప్రశ్న: పోయిన సంచికలో తోలుబొమ్మల గురించి చెప్తూ మధ్యలో స్వూన్ అని ఒక అమెరికా ఆవిడ పేరు తీసి వదిలేశారు. ఎవరండీ ఆవిడ? స్ప్రే డబ్బా పట్టుకోకుండా స్ట్రీట్ ఆర్టిస్ట్ ఎలా అయ్యింది?
– డిగ్రీ సెకండియర్ అమ్మాయి, అమలాపురం

జవాబు: చోటు చాలక వదిలేశానమ్మా, అంతే. ఆవిడ అసలు పేరు కలిడోనియా కరీ, 1977లో కనెటికట్‌లో న్యూ లండన్ అనే ఊళ్ళో పుట్టింది, పెరిగిందేమో ఫ్లోరిడాలో డేటోనా బీచ్ దగ్గర, అమ్మానాన్నా ఇద్దరూ మత్తుమందులకి అలవాటుపడిన ఇల్లు, ఆ సంగతి పెద్దయ్యాక ఆవిడే దాచుకోకుండా చెప్పుకుంది. 19 ఏళ్ళకి న్యూయార్క్ వచ్చి ప్రాట్ ఇన్‌స్టిట్యూట్ అనే ఆర్ట్ కాలేజీలో చేరింది, 1999 ప్రాంతంలో వీధిలోకి దిగింది.

ఆవిడ చేసే పని ఏంటంటే, మనిషంత సైజు లైనోలియం షీటు (నేల మీద పరిచే మెత్తటి షీటు) మీదో చెక్క మీదో బొమ్మ చెక్కుద్ది. దానికి ఇంకు పూసి పల్చటి న్యూస్‌ప్రింట్ కాగితం మీద అచ్చు తీస్తది, అంచులన్నీ కత్తితో కోసి, అప్పుడు ఒక బకెట్టు జిగురూ ఒక బ్రష్షూ పట్టుకెళ్ళి పాడుబడ్డ గోడకి అంటించేస్తది. చెక్కడం కొయ్యడం రోజులకి రోజులు, అంటించడం మాత్రం నిమిషాలు. బొమ్మల్లో ఉండేది హీరోలూ దేవుళ్ళూ కాదు, ఆవిడ స్నేహితులు, బంధువులు, దార్లో కనపడ్డ మనుషులు.

ఆ జిగురు ఏంటో తెలుసా, మన సినిమా పోస్టర్ల జిగురే. పిండీ నీళ్ళూ. మా చిన్నాన్న పాలకొల్లు దగ్గర ఒక టూరింగ్ టాకీస్‌లో పనిచేసేవాడు, గురువారం సాయంత్రం పెద్ద డేగిసాలో మైదా ఉడకేసేవాడు, ఆ వాసన నాకు ఇప్పటికీ గుర్తే, తెల్లారేసరికి సైకిల్ మీద బకెట్టు తగిలించుకుని ఊళ్ళన్నీ తిరిగి తాటాకు తడికల మీద పోస్టర్లు అంటించి వచ్చేవాడు. అతన్ని ఎవరూ ఆర్టిస్ట్ అనలేదు పాపం, అతనూ అనుకోలేదు.

ఇంక తోలుబొమ్మల సంగతి. ఆవిడకి ఇష్టమైనవాటిలో జర్మన్ చెక్క అచ్చు బొమ్మలూ ఇండోనేషియా తోలుబొమ్మలూ ఉన్నాయి. మన కాకినాడ పక్కన మాధవపట్నంలో తోలు మీద చిన్న ఉలితో చిల్లులు కొడతారు చూడు, వెలుగు ఎక్కణ్ణుంచి రావాలో అక్కడే కోస్తారు, ఆవిడ కాగితంలోనూ అంతే, ఖాళీయే బొమ్మ. మాధవపట్నం ఒకసారి వెళ్ళి చూసిరా, బస్సు దూరమే కదా.

ప్రశ్న: వానొస్తే పోయే కాగితానికి అన్ని రోజులు కష్టపడ్డం దేనికండీ? వేస్ట్ కాదా?
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: ఇంట్లో ఆడవాళ్ళు ధనుర్మాసం నెల్లాళ్ళూ ముగ్గేస్తుంటే ఈ ప్రశ్న ఎప్పుడైనా అడిగారా సార్?

ఈ ముగ్గు పోలిక అందరూ తెస్తారు, నేనూ ఇప్పుడే తెచ్చాను, కానీ నాకు పూర్తిగా నచ్చదు. ముగ్గు మన వాకిట్లో మనం వేసుకునేది, తెల్లారుజామున వంగి వేస్తుంటే పాలబ్బాయి కూడా పక్కనుంచి వెళ్తాడు, మెచ్చుకుంటారు. అదే చెయ్యి, అదే గీత, నాలుగిళ్ళ అవతల ఎవరిదో గోడ మీద రాత్రి పదకొండింటికి పడితే మాత్రం ‘ఎవరమ్మాయిది’ అంటారు. తేడా బొమ్మలో లేదండి, గోడ ఎవరిది, టైమెంత అనేదాంట్లో ఉంది. స్వూన్ మొదట్లో పేరు చెప్పకుండా అంటిస్తున్నప్పుడు అదంతా ఎవరో మగాడి పనే అనుకున్నారంట చాలామంది. న్యూయార్క్‌లో కూడా అంతే మరి.

వానకి పోద్ది అన్నది నిజమే, కానీ ఆవిడకి అది తెలిసే చేస్తది, కాగితం ఎండకి పసుపెక్కి, అంచులు లేచి, ముడతలు పడి, గోడ మీద మనిషి ముసలోడవుతున్నట్టు ఉంటది. చెక్కిన అచ్చుదిమ్మ మాత్రం ఉంటది కదా, దాని మీదే ఇంకో కాగితం తీస్తారు. అలాంటి పనులు ఇప్పుడు న్యూయార్క్‌లో మోమా అనే పెద్ద ఆధునిక కళల మ్యూజియంలో కూడా ఉన్నాయి, కాబట్టి వేస్ట్ అనకండి.

ప్రశ్న: ఆవిడ చెత్తతో పడవలు కట్టి వెనిస్ దాకా వెళ్ళిందని మా అబ్బాయి ఫోన్‌లో చూపించాడు. నిజమేనా? నేను లేసు అల్లుతానండి, ఆవిడ బొమ్మల్లో లేసులాంటి అల్లిక కూడా చూశాను.
– గృహిణి, నరసాపురం

జవాబు: ఆయ్, నిజమేనండి. 2006లో, తర్వాతేడాది కూడా, స్నేహితులతో కలిసి పాత సామాన్లతో తెప్పలు కట్టి మిసిసిపీ నది మీద దిగారు. 2008లో ఏడు పడవలు కట్టి హడ్సన్ నదిలో ట్రాయ్ అనే ఊరి నుంచి న్యూయార్క్ దాకా వచ్చారు. 2009లో స్లొవేనియా తీరం నుంచి ఏడ్రియాటిక్ సముద్రం దాటి వెనిస్ వెళ్ళారు, అక్కడ బియనాలే అని ప్రపంచంలో పెద్ద ఆర్ట్ ఎగ్జిబిషన్ జరుగుతుంటే పిలవకుండానే ఆ కాలవల్లోకి దూరిపోయారు. పేరంటానికి పిలవకపోయినా పడవేసుకుని వచ్చినట్టు!

మీకు వేరే చెప్పక్కర్లేదు, సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కుతారు కదా, బళ్ళూ మనుషులూ కొబ్బరికాయలూ అన్నీ కలిపి మోస్తది, అందంగా ఉండాలని ఎవరూ కట్టలేదు అయినా చూడబుద్దేస్తది. ఆవిడ పడవలు ఆ జాతే, కాకపోతే పైన మేడలూ గోపురాల్లాంటివీ కట్టి వాటికి బొమ్మలు అంటించింది. 2014లో బ్రూక్లిన్ మ్యూజియంలో ఆ పడవల్నే తెచ్చి కాగితం ఆకుల పెద్ద చెట్టు కింద పెట్టింది. వాళ్ళమ్మ పోయిన కొత్త, ఆ ఎగ్జిబిషన్ పేర్లోనే నీట మునిగిన తల్లినేలలు అనే అర్థం ఉంది.

లేసు మాట మీరు అడిగారు కాబట్టి, మీ నరసాపురం లేసుకి 2024లో జీఐ ట్యాగ్ (ఇది ఈ ప్రాంతం సరుకే అని ఇచ్చే గుర్తింపు) వచ్చింది కదా, ఆవిడ బొమ్మల్లో గౌన్ల కింద అంచుల్ని దగ్గరగా చూడండి, మీ చేతికి తెలిసిన పనే కనపడుద్ది. మీరు దారంతో కలుపుతూ ఖాళీ వదుల్తారు, ఆవిడ కాగితంలోంచి కోసి ఖాళీ చేస్తది.

ఇంకో సంగతి ఎవరూ అడగలేదు కానీ చెప్తాను. 2010లో హైతీలో భూకంపం వచ్చాక ఆవిడ జట్టుతో వెళ్ళి మట్టి నింపిన సంచుల్ని వరసలుగా పేర్చి, మధ్యమధ్యలో ముళ్ళతీగ వేసి, గుండ్రటి గోపురం ఇళ్ళు కట్టడం మొదలెట్టింది, ఊళ్ళోవాళ్ళతో కలిసే. వరదలప్పుడు ఏటిగట్టు మీద ఇసుక బస్తాలు వేసే మనకి ఆ ఫొటోలు చూస్తే వింతేం అనిపించదు, ఓహో దీంతో ఇల్లు కూడా కట్టొచ్చా అనిపిస్తది.

ప్రశ్న: మా అమ్మాయి గోడల మీద బొమ్మలేస్తానంటోంది. వాళ్ళ నాన్నకి తెలిస్తే గొడవ. ఏం చెయ్యమంటారు?
– ఒక అమ్మ, మండపేట

జవాబు: ముందు గోడ ఎవరిదో చూడండి. మన రాష్ట్రంలో గోడలు పాడుచెయ్యకూడదని 1997 నాటి చట్టం ఉంది, కాబట్టి స్వూన్ కథ విని రాత్రిపూట బయల్దేరనివ్వకండి, ఇంటాయన్ని గానీ స్కూలు హెడ్‌మాస్టర్‌ని గానీ అడిగి ఒక కాయితం ముక్క మీద సంతకం పెట్టించుకోండి. పగలే వెయ్యమనండి, నిచ్చెన పట్టుకోడానికి ఒక మనిషి ఉండాలి. వాళ్ళ నాన్నగారినే నిచ్చెన పట్టుకోమంటే గొడవ సగం తగ్గుద్ది, మా ఇంట్లో అలాగే తగ్గింది.

హైదరాబాద్ మక్తాలో 2016లో వీధి వీధంతా బొమ్మలేశారు, అందులో స్వాతి, విజయ్ అని భార్యాభర్తల జంట కూడా ఉంది, అది చూపించండి ఆయనకి. ఇంకా పాతకాలం కావాలంటే లేడీ పింక్ అని ఒక ఆర్టిస్ట్ ఉంది, 1964లో ఈక్వడార్‌లో పుట్టి న్యూయార్క్‌లో పెరిగింది, 1979 నుంచీ రైలు పెట్టెల మీద రంగులతో బొమ్మలూ అక్షరాలూ రాసేది, అదీ మగపిల్లల గుంపు మధ్యలో. ఆవిడ సంగతి మాత్రం ఆయనకి ఇప్పుడే చెప్పకండి.

ప్రశ్న: జిగురు ఎలా చెయ్యాలి? లైనోలియం మా ఊళ్ళో దొరకదు.
– ఇంటర్ కుర్రాడు, రాజోలు

జవాబు: ఒక కప్పు మైదా ముందు చల్లనీళ్ళలో ఉండలు లేకుండా కలుపు, నాలుగు కప్పుల మరిగే నీళ్ళలో పోస్తూ గంజిలా చిక్కబడేదాకా తిప్పుతూనే ఉండు, ఆపితే అడుగంటుద్ది. గోడకి పూసి, కాగితం పెట్టి, పైన కూడా ఒక పూత వెయ్యి. పురుగు పట్టకుండా పోస్టర్లోళ్ళు మైలుతుత్తం కలుపుతారు, అది విషం, నువ్వు కలపొద్దు. లైనో బదులు చెప్పులు కుట్టేవాళ్ళ దగ్గర రబ్బరు షీటు ముక్క అడుగు, మొదట అరచేతంత బొమ్మ చాలు. కత్తి ఎప్పుడూ నీ వైపుకి కాకుండా అవతలికే తొయ్యి, పట్టుకున్న చెయ్యి కత్తికి వెనకాలే ఉండాలి, నా ఎడం చూపుడువేలు మీద మూడు కుట్లున్నాయి.