కంపెనీల తరఫున ఎంప్లాయ్‌మెంట్ లా ప్రాక్టీస్ అంటే జనాన్ని తీసేయడమే పనా?

లా ఫైనలియర్‌లో ఉన్నాను, ఈ ఫీల్డ్‌కొస్తే రోజంతా టెర్మినేషన్ లెటర్లు రాయడమేనా అని అడిగారు కదా. చాలా ఏళ్లుగా నాది ఇదే పని. లెటర్లు రాయడం ఉంటుంది, కాదనను, కానీ నా టైమ్ ఎక్కువ పోయేది "ఆగండి, ఇవాళ వద్దు" అని క్లయింట్‌కి నచ్చజెప్పడంలోనే.

సాయంత్రం ఆఫీసు మూసే వేళకి ఫోనొస్తుంది, ఫలానా అతన్ని ఇవాళే పంపించెయ్యాలి, డ్రాఫ్ట్ ఇవ్వండి అని. డ్రాఫ్ట్ సంగతి తర్వాత, ముందు అతను చేసిన తప్పు ఎక్కడైనా రాసి ఉందా, అదే తప్పు ఇంకొకరు చేసినప్పుడు ఏం చేశారు, ఈ మధ్య అతను ఎవరి మీదైనా కంప్లైంట్ పెట్టాడా అని అడుగుతాను. ఆ చివరి ప్రశ్నకి చాలాసార్లు అవతల సౌండ్ ఉండదు. పని చేతకాదంటారు, ఫైల్ తెప్పిస్తే పోయినేడాది అప్రైజల్‌లో అదే మేనేజర్ మొహమాటానికి "చాలా బాగుంది" అని రాసి సంతకం పెట్టి ఉంటాడు. రేపు క్రాస్ ఎగ్జామినేషన్‌లో అవతలి లాయర్ ముందు చదివించేది ఆ కాగితమే. కంప్లైంట్ పెట్టిన కొన్నాళ్లకే తీసేస్తే ఇక అతని పనితీరు గురించి ఎవరూ వినరు, డేట్లు చూస్తారు.

చట్టాలు దేశానికొక రకం. కొన్నిచోట్ల కారణం చెప్పకుండా తీసేయొచ్చు, అక్కడైనా వివక్ష, కక్షసాధింపు చెల్లవు. అసలు లాజిక్ పట్టుకోవాలంటే ఐఎల్‌ఓ (అంతర్జాతీయ కార్మిక సంస్థ) ఉద్యోగం నుంచి తీసేయడం మీద 1982లో తెచ్చిన 158వ కన్వెన్షన్, అంటే అంతర్జాతీయ ఒప్పందం, చదవండి, సరైన కారణం ఉండాలని ఆర్టికల్ 4, యూనియన్‌లో ఉండటం, గర్భం, యజమాని మీద ఫిర్యాదు లాంటివి కారణాలు కావని 5, ఆరోపణకి జవాబు చెప్పుకునే అవకాశం ఇవ్వాలని 7 చెప్తాయి. చాలా దేశాలు దాన్ని రాటిఫై చెయ్యలేదు, అంటే కట్టుబడతామని ఒప్పుకోలేదు గానీ చదివితే ఒక్క పూట పని, టెక్స్ట్‌బుక్ కన్నా నయం.

ఇంకోటి, ఇది కాలేజీలో ఎవరూ గట్టిగా చెప్పరు. మీ క్లయింట్ కంపెనీ, మీకు ఫోన్ చేసే హెచ్‌ఆర్ హెడ్ కాదు, ఎండీ కూడా కాదు. లైంగిక వేధింపుల ఆరోపణ ఆ ఎండీ మీదే వచ్చిన రోజు ఈ తేడా తెలుస్తుంది, అప్పటిదాకా మనతో సరదాగా మాట్లాడిన మనిషి "నువ్వు నా లాయర్‌వి కాదా" అంటాడు. కాదనే చెప్పాలి. ఎంక్వైరీలో సాక్షుల్ని కూర్చోబెట్టినప్పుడు కూడా నేను కంపెనీ లాయర్‌ని, మీ లాయర్‌ని కాదు అని ముందే చెప్పాలి.

పనికి కరువు ఉండదు, వ్యాపారాలు బాగుంటే ఆఫర్ కాంట్రాక్టులు, నాన్‌కాంపీట్‌లు (మానేశాక పోటీ కంపెనీలో చేరకూడదనే షరతులు), బాగోకపోతే లేఆఫ్‌లు. లేఆఫ్‌ల సీజన్‌లో మాత్రం నిద్ర సరిగ్గా పట్టదు, లిస్టులో పేర్ల పక్కన వయసు, సర్వీసు కూడా ఉంటాయి మరి, పెద్దవయసు వాళ్లనే ఏరి పెట్టారేమో అని చూడాల్సింది మనమే. మన సలహా విని ఆగిపోయిన క్లయింట్‌కి కేసే రాదు, కాబట్టి మెచ్చుకునేవాళ్లూ ఉండరు, ఫీజు ఎందుకింత అని అడిగేవాళ్లుంటారు.

నా మాటగా ఒకటే, తిన్నగా కార్పొరేట్ ఫర్మ్‌లో అడ్వైజరీకి, అంటే ఆఫీసులో కూర్చుని సలహాలిచ్చే పనికి, పోకండి. మొదటి రెండు మూడేళ్లు లిటిగేషన్, అంటే కోర్టులో కేసులు, చెయ్యండి, వీలైతే కొన్నాళ్లు ఉద్యోగుల తరఫున వాదించే సీనియర్ దగ్గర. కంపెనీ కాగితాల్లో వాళ్లు ఎక్కడ వెతుకుతారో అక్కడే తెలుస్తుంది.