ముందు అతని పనేమిటో రాయి

బ్రాడీపేట, గుంటూరు

అమ్మాయికి ఆశీస్సులు.

ఫుట్‌బాల్ అసిస్టెంట్ కోచ్‌ల మీద నువ్వు పంపిన వ్యాసమూ, దానితో పాటు రాసిన ఉత్తరమూ చదివాను. వ్యాసం కన్నా ఉత్తరం చాలా బాగుంది. ఉత్తరంలో పటమటలో మీ అన్నయ్య గది ఉంది. రాత్రి ఒకటిన్నరకి మొదలయ్యే యూరప్ క్లబ్బుల చాంపియన్స్ లీగ్ మ్యాచ్ కోసం మేలుకుని కూర్చున్న కుర్రాళ్ళున్నారు. హెడ్ కోచ్ తన అసిస్టెంట్లను తానే తెచ్చుకోవాలా, క్లబ్బులో ఉన్నవాళ్ళతోనే నెట్టుకురావాలా అని తెల్లారేదాకా సాగిన గొడవ ఉంది. ఇంగ్లాండ్ క్లబ్బుల్లో మాంచెస్టర్ యునైటెడ్ అభిమానిది ఒక మాట, లివర్‌పూల్ అభిమానిది ఇంకో మాట, హైదరాబాద్ ఎఫ్‌సీని ఇప్పటికీ మర్చిపోలేని ఆ మూడో అబ్బాయిది వేరే మాట. వ్యాసంలోకి వచ్చేసరికి వాళ్ళెవరూ లేరు. అసిస్టెంట్ కోచ్‌ల పేర్లు వరసగా పెట్టి, ఒక్కొక్కరికి పదికి ఇన్ని అని మార్కులు వేశావు.

ఆ మార్కులు తీసెయ్యి. ఎందుకో చెబుతాను.

స్ట్రైకర్‌కి గోల్స్ ఉంటాయి, గోల్‌కీపర్‌కి ఆపిన బంతులుంటాయి, హెడ్ కోచ్‌కి పాయింట్ల పట్టిక ఉంటుంది. అసిస్టెంట్ పని ఎక్కువగా మ్యాచ్ లేని రోజుల్లో, మన కెమెరాలకి అందని ప్రాక్టీస్ మైదానంలో జరిగిపోతుంది. మనకి కనబడని పనికి ఒకరికి ఏడు, ఇంకొకరికి నాలుగు ఎలా వేశావు? అంతకు ముందు అతను ఏ పెద్ద క్లబ్బులో ఉన్నాడో చూసి వేశావని అర్థమైంది. ఆ ఏడు మార్కులూ పాత క్లబ్బు పేరుకి పడ్డాయి, ఆ మనిషి పనికి పడలేదు.

ఇక ఆ గదిలో గొడవ సంగతి. అభిమాని తను నమ్మిన హెడ్ కోచ్‌ని నోరారా తిట్టలేడు. జట్టు ఓడిన రాత్రి కోపం ఎవరి మీదో ఒకరి మీద తీరాలి కదా, అప్పుడు పక్కన నిలబడ్డ అసిస్టెంట్ కనిపిస్తాడు. హెడ్ కోచ్ అంటే గిట్టనివాడు దీన్నే తిరగేసి మాట్లాడతాడు. గెలిస్తే అదంతా ఆ అసిస్టెంట్ చలవే అంటాడు. ఇద్దరి నోటా వినబడేది అసిస్టెంట్ పేరే, ఇద్దరి మనసులో ఉన్నది మాత్రం హెడ్ కోచ్. మన క్రికెట్‌లో ఇది నువ్వు చూసే ఉంటావు. 2024లో గంభీర్ భారత జట్టు హెడ్ కోచ్ అయినప్పుడు ఐపీఎల్‌లో తనతో పనిచేసిన అభిషేక్ నాయర్, రయాన్ టెన్ డష్కాటే, మోర్నీ మోర్కెల్‌లు ఆయన బృందంలోకి వచ్చారు. ఆస్ట్రేలియాలో సిరీస్ 3-1తో పోయాక ఆ బృందం మీద చర్చ మొదలైంది. 2025 ఏప్రిల్‌లో నాయర్ బయటికి వెళ్ళాడు. ఆ రోజుల్లో విజయవాడలో టీ బడ్డీ దగ్గర నిలబడ్డవాళ్ళు కూడా బ్యాటింగ్ కోచ్ గురించి మాట్లాడారు. వాళ్ళకి ఆట తెలుసు, జట్టంటే ప్రాణం. నువ్వు రాయాల్సింది ఆ ప్రాణం గురించే. మార్కుల పట్టికలో దానికి చోటు లేదు.

యునైటెడ్ అబ్బాయి డేవిడ్ మోయెస్ పేరు ఎత్తాడని రాశావు. ఎత్తకుండా ఎలా ఉంటాడు! 2013లో యునైటెడ్ హెడ్ కోచ్ ఫెర్గూసన్ లీగ్ గెలిచి తప్పుకున్నాడు. ఆ వేసవిలో ఆయన స్థానంలోకి మోయెస్ వచ్చాడు. ఫెర్గూసన్ దగ్గర పనిచేసిన మైక్ ఫెలన్, రెనీ మ్యూలెన్‌స్టీన్, గోల్‌కీపింగ్ కోచ్ ఎరిక్ స్టీల్ వెళ్ళిపోయారు. ఎవర్టన్ నుంచి స్టీవ్ రౌండ్, జిమ్మీ లమ్స్‌డెన్, క్రిస్ వుడ్స్ వచ్చారు. 2014 ఏప్రిల్‌లో మోయెస్‌ని తీసేశారు, జట్టు ఏడో స్థానంలో ముగిసింది. గెలిచే క్లబ్బులో గెలుపు తెలిసినవాళ్ళని పంపేసి, తనవాళ్ళని తెచ్చుకుని మునిగాడు అని ఆ అబ్బాయి వాదన. నువ్వు దాన్ని అలాగే వ్యాసంలో దించేశావు.

కానీ అదే వేసవిలో ఇంకేం జరిగిందో చూడు. బేరాలు నడిపే చీఫ్ ఎగ్జిక్యూటివ్ డేవిడ్ గిల్ కూడా అప్పుడే దిగిపోయాడు. ఆటగాళ్ళ కొనుగోలు గడువు ముగిసేనాటికి చేతికి వచ్చిన పెద్ద ఆటగాడు ఫెలైనీ ఒక్కడే. ఫెర్డినాండ్, విడిచ్, ఎవ్రా ముప్పై దాటినవాళ్ళు. పైగా మోయెస్ అందరినీ బయటినుంచే తేలేదు. ఆ క్లబ్బులోనే పుట్టి పెరిగిన ర్యాన్ గిగ్స్‌ని ఆటగాడిగా ఉంచుతూనే కోచింగ్ బృందంలో కలిపాడు, అక్కడే ఎదిగిన ఫిల్ నెవిల్‌ని కూడా తీసుకున్నాడు. ఇవన్నీ చెప్పాక కూడా ఫెలన్‌ని, మ్యూలెన్‌స్టీన్‌ని వదులుకోవడం తప్పని నువ్వు అనవచ్చు. నా అభిప్రాయమూ దాదాపు అదే. ఒక్కరినైనా ఉంచుకోవాల్సింది, ఆ ఆటగాళ్ళ అలవాట్లు తెలిసినవాడు పక్కన ఉండేవాడు. అయితే ఆ మాట ఈ వివరాలన్నీ దాటుకుని రావాలి. అప్పుడే చదివేవాడు దాన్ని నమ్ముతాడు.

లివర్‌పూల్ అబ్బాయి జవాబు ఏమిటి? క్లాప్ కూడా 2015 అక్టోబర్‌లో లివర్‌పూల్ హెడ్ కోచ్‌గా వచ్చినప్పుడు తనవాళ్ళనే తెచ్చుకున్నాడు కదా అని. నిజమే. జెల్కో బువాచ్, పీటర్ క్రావీట్జ్ ఇద్దరూ జర్మనీలో డార్ట్‌మండ్ క్లబ్బులో ఆయనతో ఉన్నవాళ్ళే, అంతకు ముందు మైంజ్‌లోనూ ఉన్నవాళ్ళే. మొదటి సీజన్‌లో లీగ్‌లో ఎనిమిదో స్థానం, రెండు కప్పుల్లో ఫైనల్ దాకా వెళ్ళి రెంటిలోనూ ఓటమి. అక్కడ ఆపి లెక్క చూసి ఉంటే మోయెస్ మీద వేసిన ముద్రే క్లాప్ మీదా పడేది. ఇద్దరూ చేసింది ఒకే రకం పని, ఫలితాలు వేరు. కాబట్టి ‘తనవాళ్ళని తెచ్చుకోవడం’ మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నతో మనం ఎక్కడికీ చేరం. తెచ్చుకున్నవాడు ఏం చేస్తాడు, పోయినవాడు ఏం చేసేవాడు అని అడగాలి.

ఇక్కడ బువాచ్ కథ నీకు చాలా పనికొస్తుంది, వ్యాసంలో దాన్ని ఒక్క వాక్యంలో తేల్చేశావు. ఆయన్ని అందరూ క్లాప్ బృందానికి ‘మెదడు’ అనేవాళ్ళు. 2018 ఏప్రిల్ చివర, రోమాతో చాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ ఒక మ్యాచ్ అయిపోయి రెండోది ఇంకా ఆడకముందే, ఆయన బృందం నుంచి తప్పుకున్నాడు. ఆ వారం లివర్‌పూల్ అభిమాని మనసు ఎలా ఉండి ఉంటుందో ఆలోచించు. పదిహేడేళ్ళు పక్కనే ఉన్న మనిషి సరిగ్గా ఆ వేళకి లేడు. ఫైనల్‌లో రియల్ మాడ్రిడ్ చేతిలో ఓడారు. అదే వేసవిలో పెప్ లైండర్స్ నెదర్లాండ్స్ నుంచి తిరిగొచ్చాడు, మరుసటి ఏడు కప్పు గెలిచారు, 2020లో లీగ్ గెలిచారు. మెదడు పోయినా గెలిచారంటే బువాచ్ పని ఏమీ లేదనుకోవాలా? లేక ఆయన వేసిన పునాది మీదే గెలిచారనుకోవాలా? మీ గదిలో లివర్‌పూల్ అబ్బాయి దీనికి ఏమన్నాడో నీ ఉత్తరంలో సగమే ఉంది. మిగతా సగం అడిగి రాసుకో.

పని గురించి రాయి అన్నాను. కనబడని పనిని ఎలా రాయాలని నువ్వు అడుగుతావు. కొంత కనబడుతుంది, మనం చూడం అంతే. ఫుట్‌బాల్ నియమాల ప్రకారం బెంచీ ముందున్న గీతల లోపలి నుంచి ఒక సమయంలో ఒక్కరే వ్యూహం చెప్పాలి. కాబట్టి హెడ్ కోచ్ కూర్చుని ఇంకొకరు లేచారంటే ఆ పని ఆ లేచినవాడిదని నీకు తెలిసిపోతుంది. ఆర్సెనల్ మ్యాచ్ పెట్టుకుని చూడు. కార్నర్, అంటే మైదానం మూల నుంచి బంతి తన్నే అవకాశం, దొరికిందంటే నికొలా జోవర్ లేచి గీత దాకా వస్తాడు. బ్రెంట్‌ఫర్డ్‌లో, మాంచెస్టర్ సిటీలో పనిచేసి 2021లో ఆర్సెనల్‌కి వచ్చిన సెట్ పీస్ కోచ్ అతను, అంటే కార్నర్, ఫ్రీ కిక్ లాంటి ఆగిన బంతుల పని చూసేవాడు. కార్నర్ తన్నేముందు గోల్ దగ్గర ఎవరు ఎవరికి అడ్డం నిలబడుతున్నారు, ఎవరు దూరంగా ఉండి పరుగెత్తి వస్తున్నారు, వారం వారం అది ఎలా మారుతోంది అని కాగితం మీద గీసుకో. నాలుగైదు మ్యాచ్‌లయ్యేసరికి అతని గురించి రాయడానికి నీ దగ్గర సొంత సరుకు ఉంటుంది, ఎవరి మాటా అరువు తెచ్చుకోనక్కర్లేదు.

2018లో లివర్‌పూల్ థామస్ గ్రోనెమార్క్ అనే డెన్మార్క్ మనిషిని కేవలం త్రో-ఇన్‌లు నేర్పడానికి పెట్టుకున్నప్పుడు టీవీల్లో కొందరు పాత ఆటగాళ్ళు నవ్వారు. బంతి విసరడానికి కూడా కోచా అని. ఒక మ్యాచ్‌లో ఎన్నిసార్లు బంతి పక్క గీత దాటిపోతుందో, విసిరిన బంతి ఎన్నిసార్లు అవతలి జట్టుకే పోతుందో ఎవరైనా కూర్చుని చూస్తే ఆ నవ్వు ఆగిపోతుంది. అలా కూర్చుని చూసేవాళ్ళలో నువ్వొకదానివి కావాలని నా కోరిక.

ఇంగ్లాండ్ క్లబ్బుల్లో హెడ్ కోచ్, అసిస్టెంట్‌గా కలిసి పనిచేసిన బ్రయన్ క్లఫ్, పీటర్ టేలర్ జంట గురించి నీ వ్యాసంలో లేదు. చదువుకో. ఆటగాళ్ళని పసిగట్టడం టేలర్ బలం, వాళ్ళచేత ఆడించడం క్లఫ్ బలం. 1972లో డార్బీకి లీగ్, 1979లోనూ 1980లోనూ నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కి యూరోపియన్ కప్ (ఇప్పటి చాంపియన్స్ లీగ్). మధ్యలో 1974లో టేలర్ లేకుండా లీడ్స్‌కి వెళ్ళిన క్లఫ్ అక్కడ ఉన్నది 44 రోజులు. లీడ్స్‌లో వేరే కారణాలు చాలా ఉన్నాయి, అయినా పని పంచుకోవడం అంటే ఏమిటో దీనికన్నా బాగా చూపించే కథ నాకు తెలీదు.

తేదీల విషయంలో జాగ్రత్త. మెక్‌లారెన్ గురించి నువ్వు రాసిన పేరా అందుకే నిలబడలేదు. 1998 డిసెంబర్‌లో ఫెర్గూసన్ అసిస్టెంట్ బ్రయన్ కిడ్ యునైటెడ్ వదిలి బ్లాక్‌బర్న్ మేనేజర్‌గా వెళ్ళాడు. 1999 ఫిబ్రవరిలో డార్బీ నుంచి స్టీవ్ మెక్‌లారెన్ వచ్చాడు. ఆయన వచ్చాక మొదటి మ్యాచ్‌లో యునైటెడ్ ఫారెస్ట్‌ని 8-1తో కొట్టింది. మే నెలలో మూడు కప్పులు వచ్చాయి. ‘అద్భుతమైన నియామకం’ అని రాశావు. కిడ్ ఏళ్ళ తరబడి తయారు చేసిన జట్టు అది, మెక్‌లారెన్‌కి దొరికినవి కొన్ని నెలలే. ఎవరి వాటా ఎంత? పైగా అదే మెక్‌లారెన్ ఇంగ్లాండ్ హెడ్ కోచ్ అయితే ఆ జట్టు యూరప్ దేశాల టోర్నీ యూరో 2008కి అర్హతే సాధించలేదు. ఆ నియామకం జరిగిన రోజున ఎవరికి ఏం తెలుసో అంతే రాసి, తర్వాత జరిగింది తర్వాత రాస్తే, నీకే చాలా సందేహాలు పుడతాయి. ఆ సందేహాలని దాచకు, వాటినీ వ్యాసంలో పెట్టు.

ఇప్పుడు ఆ మూడో అబ్బాయి. నాకు అన్నిటికన్నా నచ్చింది అతని మాట, నువ్వు వదిలేసిందీ అదే. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి హైదరాబాద్ ఎఫ్‌సీ మన దేశపు ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) గెలిచింది. అప్పటికి మన తెలుగు నేల మీది క్లబ్బు. హెడ్ కోచ్ మనోలో మార్కెజ్ పేరు అందరికీ తెలుసు. ఆయన పక్కన అసిస్టెంట్‌గా తంగ్‌బోయ్ సింగ్టో ఉన్నాడు. మనోలో వెళ్ళిపోయాక 2023-24లో జట్టు సింగ్టో చేతికి వచ్చింది. అప్పటికి క్లబ్బు డబ్బు ఇబ్బందుల్లో ఉంది, ఆటగాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు, జట్టు అట్టడుగున ముగిసింది. అసిస్టెంట్‌గా కప్పు, హెడ్ కోచ్‌గా ఆఖరి స్థానం. ఈ మనిషికి పదికి ఎన్ని వేస్తావు? ఆ అబ్బాయి ‘మిగిలిన పిల్లల్ని పెట్టుకుని సీజన్ మొత్తం ఆడించాడు, అది చాలదా’ అని అన్నాడని నీ ఉత్తరంలో రాశావు. నీ వ్యాసం మొత్తంలో అంత బరువైన వాక్యం లేదు.

ఖాలిద్ జమీల్ సంగతి కూడా చూడు. ఐఎస్ఎల్ క్లబ్బు నార్త్ఈస్ట్ యునైటెడ్‌లో అసిస్టెంట్‌గా ఉండగా 2021 జనవరిలో హెడ్ కోచ్‌ని తీసేస్తే జట్టు ఆయనకి అప్పగించారు. ఆ సీజన్‌లో ప్లేఆఫ్‌కి తీసుకెళ్ళాడు. 2025 ఆగస్టులో భారత జట్టుకే హెడ్ కోచ్ అయ్యాడు. ఆయన అసిస్టెంట్‌గా చేరిన రోజున ఎంతమంది అభిమానులు దాని గురించి మాట్లాడుకుని ఉంటారు? యూరప్ క్లబ్బుల్లో ఫలానా అసిస్టెంట్ చేరితే విజయవాడలో తెల్లారేదాకా గొడవ పడతాం. మన దేశంలో అసిస్టెంట్‌గా చేరిన భారతీయ కోచ్ గురించి తెలుగులో నాలుగు వాక్యాలు దొరకవు. ఇది నాకు బాధగా ఉంటుంది. 1951లోనూ 1962లోనూ మనకి ఆసియా క్రీడల స్వర్ణాలు తెచ్చి, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా తీసుకెళ్ళిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాద్ మనిషే. ఆయన గురించి కూడా మన భాషలో రావాల్సినంత రాలేదు. నీ తరం వాళ్ళైనా రాయాలి.

ఒక విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను. ‘దోస్తులకి ఉద్యోగాలు ఇచ్చుకున్నాడు’ అని ఒకచోట రాశావు. గదిలో కోపంలో అనే మాట అది, అక్కడ చెల్లుతుంది. అచ్చులో నీ పేరు కింద రావాలంటే ఆధారం కావాలి. పాత పరిచయం ఉన్నవాడిని తీసుకోవడం తప్పు కాదు, పని చేతకానివాడిని తీసుకోవడం తప్పు. రెండోది చూపించలేనప్పుడు ఆ వాక్యం కొట్టెయ్యి. అభిమాని అన్న మాటగా రాయాలంటే అతని మాటగానే రాయి, కింద నీ అభిప్రాయం వేరుగా చెప్పు. అసిస్టెంట్లకి మైకు ముందుకొచ్చి జవాబు చెప్పే అవకాశం అరుదుగా దొరుకుతుంది, అందుకని వాళ్ళ గురించి రాసేవాళ్ళకి బాధ్యత ఇంకొంచెం ఎక్కువ.

భాష గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. సెట్ పీస్, ప్రెస్సింగ్, త్రో-ఇన్ అలాగే ఉంచు, మీ గదిలో అలాగే అంటారు కదా. ‘సమాయత్తపరచు’, ‘దిశానిర్దేశం’ లాంటివి తీసేసి మీ అన్నయ్య ఎలా చెబుతాడో అలా చెప్పు.

ఇంకొక పని. వీలు చూసుకుని ఒక ఉదయం లొయోలా కాలేజీ వైపు గానీ, ఇందిరాగాంధీ స్టేడియం వైపు గానీ, మీకు దగ్గర్లో పిల్లలు ఫుట్‌బాల్ ఆడే ఏ గ్రౌండుకైనా గానీ వెళ్ళు. పీఈటీ సార్ విజిల్ వేస్తుంటే పక్కన ఎవరో ఒకరు కోన్లు పేరుస్తుంటారు, తడబడ్డ పిల్లాడిని పక్కకి తీసుకెళ్ళి పాదం ఎలా పెట్టాలో చూపిస్తుంటారు. ఆ రెండో మనిషినే గమనించు. అతను ఎవరితో ఏం మాట్లాడాడు, ఆ తర్వాత ఆ పిల్లాడి ఆటలో ఏం మారింది, అంతే రాసుకో. అసిస్టెంట్ కోచ్ గురించి ఇంగ్లీషు పత్రికల్లో చదివి తెలుసుకునే దానికన్నా ఎక్కువ అక్కడ తెలుస్తుంది.

తర్వాత ఆ ముగ్గురు కుర్రాళ్ళనీ మళ్ళీ కలువు. ఒక్కొక్కరినీ విడిగా, మ్యాచ్ లేని రోజున అడుగు: నీ జట్టులో ఏ అసిస్టెంట్ వెళ్ళిపోయినప్పుడు నువ్వు భయపడ్డావు, ఆ మనిషి చేసే ఏ పని ఆగిపోతుందని భయపడ్డావు? వాళ్ళ జవాబులు వాళ్ళ మాటల్లోనే రాసుకో. పేర్లు వేయడానికి ఒప్పుకుంటారో లేదో ముందే కనుక్కో. వ్యాసం ఆ జవాబులతో మొదలుపెట్టి, హైదరాబాద్ ఎఫ్‌సీ అబ్బాయికి అందరికన్నా ఎక్కువ చోటు ఇవ్వు. నిడివి గురించి ఆలోచించకు, పెరిగితే ఇద్దరం కలిసి కోద్దాం. రాసింది పోస్టులో పంపినా సరే, ఆదివారం గుంటూరు వచ్చి ఇచ్చినా సరే. వస్తే మధ్యాహ్నం భోజనానికి ఇక్కడే ఉండు, మీ అన్నయ్యని కూడా తీసుకురా, మోయెస్ సంగతి అతనితో నేను కూడా మాట్లాడాలి.

ఇట్లు,
నీ మాస్టారు