డివిలియర్స్ అనే ఇంటిపేరు డచ్ వాళ్లదా, ఫ్రెంచ్ వాళ్లదా?

ఫ్రెంచ్ వాళ్లదే, అనుమానమే అక్కర్లేదు. ఇప్పుడు దక్షిణాఫ్రికాలో ఈ ఇంటిపేరున్నవాళ్లు ఇంట్లో డచ్ నుంచి పుట్టిన ఆఫ్రికాన్స్ భాష మాట్లాడతారు కాబట్టి డచ్ వాళ్లనుకుంటారు అందరూ. 1685లో ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ, ప్రొటెస్టెంట్లకి మతస్వేచ్ఛ ఇచ్చిన నాంట్ శాసనాన్ని రద్దు చేసేసరికి, ఫ్రాన్స్‌లోని ప్రొటెస్టెంట్లు, అంటే హ్యూగనాట్లు, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పారిపోయారు. హాలండ్ చేరినవాళ్లలో కొందరిని డచ్ ఈస్టిండియా కంపెనీ కేప్‌కి, అంటే ఇప్పటి కేప్‌టౌన్ ప్రాంతానికి, పంపింది. ద్రాక్షతోటల పని తెలిసినవాళ్లు దానికి కావాలి మరి. ఫ్రాన్స్‌లోని లా రోషెల్ రేవు వైపు నుంచి పియేర్, అబ్రహాం, జాక్ అనే ముగ్గురు అన్నదమ్ములు 1689లో దిగారు. దక్షిణాఫ్రికాలో డివిలియర్స్‌లు దాదాపు అందరూ వాళ్ల సంతానమే.

నేను కేప్‌టౌన్‌లో ఉద్యోగం చేసేటప్పుడు మా టీమ్‌లో ఒక డివిలియర్స్ ఉండేవాడు. ఓ ఆదివారం ఇంటికి పిలిస్తే వెళ్లాను. పెరట్లో బొగ్గుల మీద మాంసం కాలుతుండగా వాళ్ల నాన్నగారు లావుపాటి ఫైలు తెచ్చి నా ఒళ్లో పెట్టారు. ప్రతి పేరు ముందూ బి3, సి5, డి1 అని ఏవో గుర్తులు. బి అంటే మూలపురుషుడి పిల్లలు, సి అంటే మనవలు, పక్కన అంకె ఎన్నో సంతానమో చెబుతుంది. ఈ పద్ధతి పెట్టింది కూడా పంతొమ్మిదో శతాబ్దపు డివిలియర్సేనట. ఆయన తన గుర్తు మీద వేలు పెట్టి, ఎక్కడా తడుముకోకుండా ఆ ఓడ దిగినవాడి దాకా చదువుకుంటూ పోయారు. నాకు ఒళ్లు గగుర్పొడిచింది.

ఫ్రెంచ్ మాత్రం ఆ ఇంట్లో ఒక్క ముక్క రాదు. కంపెనీ కావాలనే వాళ్లకి డచ్ వాళ్ల మధ్యలో భూములిచ్చింది, పిల్లలకి డచ్చే నేర్పమని 1701లో ఆదేశించింది, రెండు మూడు తరాల్లో భాష పోయింది. పేర్లూ నలిగాయి, క్రోనియే కాస్తా క్రోన్యే అయింది, పినార్ పీనార్ అయింది. ఇంత కథ ఉంటే, ఇంటిపేరు టైప్ చేయగానే ఏదో వంశచిహ్నం కప్పు మీద అచ్చేసి అమ్మే సైట్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

అసలు నా బాధ వేరే. అదే దేశానికి 1860 నుంచి మద్రాసు రేవులో ఓడెక్కి నాటాల్ చెరకుతోటలకి వెళ్లిన మన తెలుగువాళ్ల సంగతేమిటి? ఓడ జాబితాలో పేరు, తండ్రి పేరు, కులం, ఊరు రాశారు, ఇంటిపేరుకి గడే లేదు. నాయుడు అనే బిరుదే తర్వాత ఇంటిపేరైపోయి, నాలుగు ఇంటిపేర్లవాళ్లు ఒకే పేరు కింద కలిసిపోయారు. డర్బన్ వాళ్లెవరైనా ఇది చదువుతుంటే, ముందు మీ ముత్తాతగారి కలోనియల్ నంబరు, అంటే ఆ జాబితాలో ఒక్కో కూలీకి ఇచ్చిన నంబరు, పట్టుకోండి. అది దొరికితే జిల్లా, తాలూకా, ఊరు ఆ వరుసలోనే ఉంటాయి. ఇంటిపేరు కోసం మాత్రం ఆ ఊరు వెళ్లి పెద్దవాళ్లని అడగాల్సిందే.