ఇళ్లకు విలువ కట్టే పనికి ఫీజు ఎంత చెప్పాలి: మేనకోడలికి ఒక లేఖ

చిరంజీవి మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

భూమి, భవనాల విభాగంలో రిజిస్టర్డ్ వాల్యుయర్‌గా, అంటే ఆస్తులకు విలువ కట్టే నిపుణురాలిగా నమోదు పూర్తయిందనీ, గుంటూరులో సొంత ఆఫీసు తెరుస్తున్నావనీ తెలిసి చాలా సంతోషించాను. ఫీజు ఎంత చెప్పాలో తోచడం లేదని రాశావు. ఊళ్లో మిగతావారు ఎంత తీసుకుంటున్నారో వాకబు చేసి, అందులో కొంత తగ్గించి చెప్పడం కొత్తవారు సాధారణంగా చేసే పని. నువ్వు మాత్రం అలా మొదలుపెట్టవద్దు. ఒకసారి తగ్గించిన ఫీజును మళ్లీ పెంచడం ఎంత కష్టమో ఈ వృత్తిలో ఉన్నవారందరికీ తెలుసు.

పాతతరం వాల్యుయర్లు ఇప్పటికీ శాతాల లెక్కే చెబుతారు. దానికొక మూలం ఉంది. సంపద పన్ను నియమాలలోని 8సి నియమం ప్రకారం ఫీజు ఆస్తి విలువలో మొదటి 5 లక్షలకు అర శాతం, తరువాతి 10 లక్షలకు శాతంలో ఐదో వంతు, ఆపై 40 లక్షలకు శాతంలో పదో వంతు, మిగిలినదానికి శాతంలో ఇరవయ్యో వంతు మించడానికి వీలుండేది కాదు. ఆ లెక్కన 50 లక్షల ఇంటికి 8,000 రూపాయలు, 2 కోట్ల ఇంటికి 15,750 రూపాయలు అవుతాయి. 2016-17 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి సంపద పన్నే లేదు గానీ, ఆ శాతాలు మాత్రం వృత్తిలో నిలిచిపోయాయి. అది గరిష్ఠ పరిమితిగా పుట్టిన లెక్క అన్న సంగతి కూడా చాలామంది మరచిపోయారు.

నేను శాతాన్ని ఇష్టపడను. మంగళగిరి వైపు కొత్త అపార్ట్‌మెంటులో కోటిన్నర ఫ్లాటు ఉందనుకో. ఆమోదం పొందిన ప్లాను, స్థలంలో ఫ్లాటుకు వచ్చే అవిభాజ్య వాటా వివరాలు, అదే భవనంలో ఈమధ్యనే జరిగిన అమ్మకాల రిజిస్ట్రేషన్లు అన్నీ దొరుకుతాయి కనుక పని ఒక పూటలో తేలిపోతుంది. అదే గ్రామకంఠంలో, అంటే ఊరి పాత నివాస స్థలంలో నలభై లక్షల పాత ఇల్లయితే లింక్ డాక్యుమెంట్లలో (ఆస్తి చేతులు మారిన పాత దస్తావేజులలో) ఒకటి కనిపించదు, నోటిమాట పంపకాల వల్ల హద్దులు కలవవు, ప్లాను లేకుండా వేసిన పై అంతస్తు ఉంటుంది, పోల్చిచూడడానికి చుట్టుపక్కల సరైన అమ్మకం దొరకదు. శ్రమ రెండో ఇంటికి, ఫీజు మొదటి ఇంటికి ఎక్కువ కావడం ఏ విధంగా న్యాయం? పైగా, నువ్వు వేసే విలువ పెరిగితే నీ ఫీజు కూడా పెరుగుతుందంటే, నువ్వు ఎంత నిజాయితీగా లెక్క కట్టినా అవతలివాడు నమ్మనవసరం లేదు.

కాబట్టి గంటల లెక్క వేసుకో. ఉదాహరణకు, ఆఫీసు అద్దె, సహాయకుడి జీతం, ప్రయాణాలు, శిక్షణ, సభ్యత్వ రుసుములు కలిపి నెలకు 40,000, నీ జీవనానికి 60,000 కావాలనుకుందాం. నెలలో 200 గంటలు పనిచేసినా, ఫోన్లకూ ఎదురుచూపులకూ రికార్డులు సర్దడానికీ పోగా ఫీజు వచ్చే పని 100 గంటలకు మించదు. అంటే నీ గంట విలువ 1,000 రూపాయలు. దస్తావేజులూ ఈసీ (ఆస్తిపై జరిగిన లావాదేవీలు చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) చదవడం, ఇంటికి వెళ్లి కొలవడం, చుట్టుపక్కల విచారించడం, నివేదిక రాయడం: వీటికి ఎన్ని గంటలు పడుతుందో దస్తావేజుల నకళ్లు చూశాకనే అంచనా వేసి, ఇంటికి వెళ్లకముందే ఫీజు చెప్పు. ఇల్లు చూసి, యజమాని తాహతు చూసి ఫీజు చెప్పేవారిని నేను ఎన్నడూ గౌరవించలేదు. అమ్మేవారు డల్లాస్‌లో ఉన్నంత మాత్రాన గంట విలువ మారదు. వాళ్ల కోసం అదనంగా తిరిగిన గంటలుంటే అవి మాత్రం కలుపుకో.

బ్యాంకు ప్యానెల్ పని, అంటే రుణాల కోసం బ్యాంకు తన జాబితాలోని వాల్యుయర్లకు ఇచ్చే పని సంగతి వేరు. అక్కడ ఫీజును బ్యాంకే నిర్ణయిస్తుంది, అది తరచుగా నీ లెక్కకు తక్కువగానే ఉంటుంది. నివేదిక నమూనా సిద్ధంగా ఉండి, ఒకే దారిలో రెండు మూడు ఇళ్లు కలిసివస్తే ఆ ఫీజు గిట్టుబాటు కావచ్చు. గిట్టదని తేలితే ఆ ప్యానెల్‌ను వదులుకో గానీ, ఫోన్ ఇచ్చి ఒక కుర్రవాణ్ని ఫోటోలకు పంపి, నువ్వు చూడని ఇంటికి సంతకం చేయవద్దు. తక్కువ ఫీజు వల్ల జరిగే అసలు నష్టం అదే. రుణం ఇప్పించే ఏజెంట్లు తమకు వాటా అడుగుతారు. పని సంపాదించడం కోసం ఎవరికీ ఏ ప్రయోజనమూ ఇవ్వరాదని 2017 నాటి రిజిస్టర్డ్ వాల్యుయర్ల నియమాలలోని ప్రవర్తనా నియమావళి చెబుతోంది. రాతపూర్వక ఒప్పందంలో లేని రుసుము తీసుకోరాదనీ, ఫలితాన్ని బట్టి ఇచ్చే ఫీజు పనికిరాదనీ కూడా అదే చెబుతోంది. "లోన్ శాంక్షన్ అయ్యాక ఇస్తాను" అనేవారికి మర్యాదగా ఆ నియమం చూపించు.

ఎక్కువ గంటలు తినేది, అంతకుముందే చేతికి వచ్చిన ఇల్లు అమ్మేటప్పుడు మూలధన లాభాల పన్ను కోసం 2001 ఏప్రిల్ 1 నాటి విలువ కట్టే పని. ఆనాటి ఇల్లు ఎలా ఉండేదో, ఏ భాగం తరువాత కట్టారో తేల్చాలి. ఆ తేదీ నాటి స్టాంపు విలువ (రిజిస్ట్రేషన్ కోసం ప్రభుత్వం లెక్కించే విలువ) దొరికితే నీ విలువ దాన్ని మించడానికి వీల్లేదు కనుక సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం నుంచి ఆ పాత విలువ తెప్పించుకోవాలి. పన్ను అధికారి ఎప్పుడో ప్రశ్నిస్తే సమాధానం చెప్పవలసినది నువ్వే. బ్యాంకు నివేదిక రేటుకే దీన్ని చేయమని ఆడిటర్లు అడుగుతారు, ఒప్పుకోకు. పిల్లల అమెరికా చదువుకు వీసా కోసం ఆస్తి విలువ చూపించడానికి వచ్చేవారు సాయంత్రానికే కావాలంటారు. తొందర పనికి కొంత అదనంగా అడగవచ్చు గానీ, ఇల్లు చూడకుండా మాత్రం కుదరదని చెప్పు.

అన్నదమ్ముల పంపకాలలో ఫీజు ఎంత అన్నదానికన్నా ఎవరు ఇచ్చారన్నదే పెద్ద విషయం. పెద్దన్న ఒక్కడే మొత్తం ఇస్తే తమ్ముళ్లకు ఆ నివేదిక పెద్దన్న నివేదికగానే కనిపిస్తుంది. అందరూ సమానంగా ఇవ్వాలనీ, అందరూ ఒప్పంద పత్రం మీద సంతకం చేయాలనీ ముందే షరతు పెట్టు. ఎంత చిన్న మొత్తమైనా సరే, ఆడపడుచుల వాటా కూడా వాళ్ల చేతనే ఇప్పించు.

ఒప్పందంలో సగం ఫీజు ముందుగా, మిగతాది నివేదిక చేతికిచ్చేముందు అని రాసుకో. తాళం వేసి ఉండి రెండోసారి వెళ్లవలసి వస్తే ప్రయాణ ఖర్చు వేరుగా రాయి. నీ పొరపాటును ఉచితంగా దిద్దు. విలువ పెంచి రాయమని అడిగితే దానికి ఏ ఫీజూ లేదు. ఏడాది రాబడి 20 లక్షలు దాటి జీఎస్టీ నమోదు చేసుకున్నాక 18 శాతం వేరుగా పడుతుందని ముందే చెప్పు. ఇవ్వలేనివారికి తగ్గించాలనిపిస్తే బిల్లులో పూర్తి ఫీజు చూపించి, తగ్గింపును దాని కింద రాయి. అలా చేస్తే రేపు పక్కింటివారు వచ్చి అదే రేటు అడగరు.

మొదటి మూడు నెలలు ప్రతి పనికీ పట్టిన గంటలు ఒక పుస్తకంలో రాసుకుని, ఆ తరువాత నీ గంట విలువను సరిచూసుకో. ఒప్పంద పత్రం ముసాయిదా తయారయ్యాక నాకు పంపు, చదివి పంపుతాను.

ఇట్లు,
మీ మామయ్య