ఆరు కోళ్ళకు ఏ ఫీడర్, ఏ వాటరర్?

మిషిగన్‌లో ఇల్లు కొని ఇంకా ఏడాది తిరగలేదు, పిల్లలు గోల చేస్తున్నారని ఆరు కోడిపిల్లల్ని తెస్తున్నాం, ఫీడరూ వాటరరూ ఏవి కొనాలో తేల్చుకోలేకపోతున్నాం అని మీ దంపతులిద్దరూ రాశారు. మీ సిటీలో ఎన్ని కోళ్ళకు అనుమతి ఉందో, హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) ఒప్పుకుంటుందో లేదో మీరే చూసుకోండి, అరగంట పని. నేను మాట్లాడేది డబ్బు గురించి. కొత్తగా వచ్చినవాళ్ళు ఫీడర్ మీద వేసిన ధర చూస్తారు గానీ, అది నెలనెలా ఎంత మేత నేలపాలు చేస్తుందో చూడరు. మేమూ చూడలేదు.

గుడ్లు పెట్టే కోడి రోజుకు సుమారు పావు పౌండు మేత తింటుంది, అంటే 110 గ్రాములు దాటి. ఆరింటికి పౌండున్నర. 50 పౌండ్ల బస్తా నెల పైనే రావాలి. మా ఇంట్లో మొదట్లో మూడు వారాలకే ఖాళీ అయ్యేది. కోళ్ళు బాగా తింటున్నాయని సంతోషించాం కూడా. ఒకరోజు ఆదివారం కూర్చుని చూస్తే సంగతి తెలిసింది. కోడి తొట్టిలో ముక్కు పెట్టి, ఇష్టమైన ముక్క కోసం మిగతాదంతా అటూ ఇటూ ఎగజిమ్ముతోంది. మేం పెట్టింది వెడల్పాటి స్టీలు బేసిన్. అమ్మమ్మ వాకిట్లో నూకలు జల్లితే ఒక్క గింజ మిగిలేది కాదు కదా, ఇక్కడ ఫీడర్ ఎందుకు దండగ అనుకున్నాం. అక్కడ కోళ్ళు ఊరంతా తిరిగి ఏరుకు తినేవి. ఇక్కడ జాలీ లోపల, రెట్టల్లో, తడి మట్టిలో పడ్డ మేతను అవి ముట్టవు. అది బూజు పడుతుంది, బూజు పట్టిన మేత కోడికి విషమే.

ఆ మేత కోసం ఎలుకలు వచ్చాయి. డెక్ కింద బొరియలు చేశాయి. వాటిని వదిలించుకోవడానికి పెట్టిన ఖర్చుతో మంచి ఫీడర్లు రెండు మూడు వచ్చేవి. అందుకే అంటున్నాను, ఇరవై డాలర్లు మిగిల్చుకుందామని చూస్తే ఖర్చు తడిసి మోపెడవుతుంది.

మీకు నేను చెప్పేది బకెట్ ఫీడర్. మూత ఉన్న ఐదు గ్యాలన్ల బకెట్ కొని, కింది భాగంలో రంధ్రాలు చేసి, వంపు తిరిగిన ప్లాస్టిక్ పోర్టులు బిగించండి. కోడి తల లోపలికి పెట్టి తింటుంది కాబట్టి బయటికి చిమ్మలేదు. వాన జల్లు కూడా లోపలికి పెద్దగా పోదు. డ్రిల్లు పట్టుకోవడం వచ్చినవాళ్ళకు శనివారం పొద్దున పని. అది కుదరకపోతే గొట్టం లాంటి వేలాడే ఫీడర్ తీసుకోండి, కానీ కింది పళ్ళెం లోతుగా, అంచు లోపలికి వంగి ఉండాలి. పళ్ళెం అంచు కోడి వీపు ఎత్తున ఉండేలా గొలుసుతో వేలాడదీయండి, కోడిపిల్లలు పెరిగే కొద్దీ పైకి లాగుతూ ఉండండి. చాలామంది కొన్నరోజు వేలాడదీసిన ఎత్తునే వదిలేస్తారు, అక్కడే మేత పోతుంది. పొడి మేత కంటే పెల్లెట్లు, అంటే గుళికల మేత కొనండి. కిందపడినా కనిపిస్తాయి, ఏరుకుంటాయి.

కోడి ఎక్కి నిలబడితే మూత తెరుచుకునే ట్రెడిల్ ఫీడర్ల గురించి అడిగారు. ధర ఎక్కువే. ఎలుకలు, పిచ్చుకలు అప్పటికే మరిగి ఉంటే ఆ డబ్బు వసూలవుతుంది. బాంటమ్‌ల లాంటి తేలిక కోళ్ళ బరువుకు అది తెరుచుకోకపోవచ్చు. కోడిపిల్లలకైతే అసలు వద్దు. 2022 నుంచి అమెరికాలో హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ తిరుగుతోంది కాబట్టి అడవి పక్షులకు మేతా నీళ్ళూ అందకుండా చూడటం ఎలాగూ అవసరం. ఏ ఫీడరైనా కప్పు కిందే పెట్టండి.

ఇక నీళ్ళు. కోడి రోజుకు సుమారు అర లీటరు తాగుతుంది, ఎండల్లో రెట్టింపు. నీళ్ళు అందకపోతే ముందు గుడ్లే తగ్గుతాయి. మేం తెచ్చిన గంట ఆకారంలో ఉండే ప్లాస్టిక్ వాటరర్ మొదటి చలికాలంలోనే గడ్డకట్టి పగిలింది. తర్వాత జింకు పూత ఉన్న రేకుది కొని, ఎవరో ఆరోగ్యానికి మంచిదన్నారని అందులో యాపిల్ సైడర్ వెనిగర్ పోశాం. పూత ఊడి తుప్పు పట్టింది, జింకు నీళ్ళలో కలుస్తుందని అప్పుడు తెలిసింది. రెండూ చెత్తకుప్పకే పోయాయి.

ఇప్పుడు మాకున్నది పక్కకు బిగించే నిప్పుల్స్ (కోడి ముక్కుతో పొడిస్తే నీళ్ళు వచ్చే చిన్న మొనలు) ఉన్న మూత బకెట్. కిందికి వేలాడే రకం కారుతుంది, గడ్డి తడుస్తుంది. పక్కన బిగించేది అంత కారదు. రెట్టలు పడవు, చలిలో ముక్కు కింద వేలాడే తమ్మెలు తడిసి గడ్డకట్టే బాధా తప్పుతుంది. ఆరు కోళ్ళకు రెండు మూడు నిప్పుల్స్ చాలు. అన్నీ తాగడం నేర్చుకున్నాయని కళ్ళారా చూసేదాకా పాత గిన్నె తీయకండి. చిన్న కోడిపిల్లలకు మాత్రం సన్నటి అంచున్న చిన్న వాటరరే పెట్టాలి, వెడల్పు గిన్నెలో పడి చచ్చిపోతాయి.

మంచు కాలానికి బకెట్‌కు సరిపోయే, ప్లాస్టిక్‌లో వాడదగిన డీఐసర్, అంటే నీళ్ళు గడ్డకట్టకుండా ఉంచే కరెంట్ హీటర్ కావాలి. కరెంట్ ఖర్చు ఎక్కువవుతుందని భయపడతారు, నేనూ భయపడ్డాను. లెక్క వేయండి: 125 వాట్లది రోజంతా వెలిగినా 3 యూనిట్లు. యూనిట్ 18 సెంట్లయితే 54 సెంట్లు. థర్మోస్టాట్ ఉన్నదైతే గడ్డకట్టే చలిలోనే పనిచేస్తుంది, అంత కూడా కాదు. పొద్దున్నే మోకాలి లోతు మంచులో వేడినీళ్ళు మోసుకెళ్ళే వాళ్ళను చూస్తే నాకు బాధేస్తుంది.

2025 మార్చిలో డజను గుడ్ల సగటు ధర 6.23 డాలర్లకు చేరినప్పుడు మనవాళ్ళు చాలామంది కోళ్ళ వైపు చూశారు. గుడ్లు మిగిలిస్తాయనుకుని దిగితే, మేత నేలపాలైనంత కాలం మిగిలేదేమీ ఉండదు. ఈ ఇంట్లో ఆ లెక్క సరిచేసుకున్నాం, ఇప్పుడు బస్తా నెలకు పైనే వస్తోంది.

మీరు వచ్చే వారం కొనాల్సినవి కోడిపిల్లల ఫీడర్, చిన్న వాటరర్, బస్తా పోసుకోవడానికి మూత బిగుతుగా ఉన్న రేకు డబ్బా. పెద్ద బకెట్లు రెండూ వేసవిలో చేసుకోవచ్చు. డీఐసర్ అక్టోబర్ లోపే తెచ్చుకోండి. మొదటి మంచు పడ్డాక దుకాణంలో దొరక్కపోవచ్చు.