హెడ్‌లైట్ బల్బులు మార్చారు సరే, రిలే వేయించారా?

ప్రశ్న: అయ్యా, మాది రాజోలు దగ్గర పల్లెటూరు. రొయ్యల చెరువు మీద వచ్చిన డబ్బుతో 11 లక్షలు పెట్టి కారు కొన్నాను. 3 ఏళ్ల వారంటీ పైన మరో 14,000 కట్టి 2 ఏళ్లు పొడిగించుకున్నాను. ఏటిగట్టు రోడ్డు మీద రాత్రిళ్లు దారి కనపడక బయట షాపులో 100 వాట్ల బల్బులు వేయించాను. నాలుగో ఏట లైట్లు, వైపర్లు, డోర్ లాకులు ఒక్కసారే ఆగిపోయాయి. రాజమండ్రి షోరూంలో బాడీ కంట్రోల్ మాడ్యూల్ (లైట్లు, వైపర్లు, లాకులను నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె) కాలిపోయిందన్నారు. ‘బయట ఫిట్టింగులు పెట్టించావు, వారంటీ మొత్తం పోయింది’ అని మేనేజరు పదిమందిలో కసిరాడు. వారంలో మా అమ్మాయి పెళ్లి. గత్యంతరం లేక 62,400 కట్టి బండి తెచ్చుకున్నాను. పాత మాడ్యూల్ వాళ్ల దగ్గరే ఉండిపోయింది. 20 నెలలుగా ఫోన్లు చేస్తున్నాను, ఫలితం లేదు. బల్బులు మాడ్యూల్ కాలిపోయాకే వేసినట్టు తేదీ మార్చి బిల్లు రాసిస్తానని షాపతను అంటున్నాడు. అది పెడితే గెలుస్తామా?

జవాబు: మేనేజరు కసరడం, పెళ్లి దగ్గర పడటం మీ కేసును తేల్చవు. ఆ బల్బులకు కరెంటు ఎక్కడి నుంచి వచ్చిందన్నదే తేలుస్తుంది. అంత పెద్ద ఉత్తరంలో ఆ ఒక్క ముక్కా మీరు రాయలేదు.

కంపెనీ ఇచ్చే 55 వాట్ల బల్బు 12 వోల్టుల మీద సుమారు 4.6 ఆంపియర్లు లాగుతుంది. 100 వాట్లదైతే 8.3. రెండు హెడ్‌లైట్లూ కలిస్తే 9 ఆంపియర్లు ఉండాల్సిన చోట దాదాపు 17. ఇప్పటి కార్లు చాలావాటిలో హెడ్‌లైట్ కరెంటు ఆ మాడ్యూల్ గుండానే వెళ్తుంది. బల్బును నేరుగా పాత సాకెట్‌లో గుచ్చి ఉంటే ఆ భారమంతా మాడ్యూల్ మీదే పడింది. రిలే (చిన్న కరెంటు సైగతో పెద్ద కరెంటును వదిలే స్విచ్చు) కిట్ వేసి ఉంటే మాత్రం కరెంటు బ్యాటరీ నుంచి విడి ఫ్యూజు ద్వారా వస్తుంది. పాత తీగ రిలేకు సైగ మాత్రమే ఇస్తుంది, దాని మీద భారం అర ఆంపియర్ కూడా ఉండదు. అప్పుడు బల్బుల వల్లే మాడ్యూల్ కాలిందని చెప్పడం వాళ్లకు కష్టం.

కాబట్టి ముందు ఫిట్టింగు బిల్లులో రిలే కిట్ అని ఉందో లేదో చూడండి. బానెట్ ఎత్తి, బ్యాటరీ ప్లస్ నుంచి ఫ్యూజుతో లావుపాటి తీగ వచ్చిందేమో చూసి ఫొటోలు తీయండి. హెడ్‌లైట్ సాకెట్ ప్లాస్టిక్ కరిగిందా, రంగు మారిందా అన్నదీ ముఖ్యమే. దేన్నీ విప్పించకండి, మార్పించకండి.

తర్వాత వారంటీ పుస్తకంలో మినహాయింపు వాక్యం చదవండి. ‘మార్పుల వల్ల కలిగిన నష్టానికి’ వర్తించదని ఉంటే, మార్పుకూ నష్టానికీ సంబంధం వాళ్లే చూపాలి. మినహాయింపు చెప్పేవారే దాన్ని రుజువు చేయాలని బీమా కేసుల్లో సుప్రీంకోర్టు చెప్పింది. వారంటీకీ అదే తర్కం వాదించవచ్చు. ‘ఏ మార్పు చేసినా మొత్తం రద్దు’ అని ఉంటే దారి కష్టమే గానీ మూసుకుపోలేదు. డబ్బు కట్టే ముందు ఆ షరతు మీకు చూపించారా అన్నది అడగాల్సిన ప్రశ్న. అయితే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో దీన్ని ‘అన్యాయమైన కాంట్రాక్టు’ అని రాయకండి. ఆ ఫిర్యాదులు రాష్ట్ర కమిషన్ నుంచే మొదలవుతాయి. ఇక్కడ సేవాలోపం అనే రాయాలి.

ఇక మీ అజాగ్రత్త. 62,400 కట్టేటప్పుడు వారంటీ ఎందుకు నిరాకరించారో ఒక్క ముక్క రాయించుకోలేదు. కాలిన మాడ్యూల్ అక్కడే వదిలేశారు. రాతపూర్వక కారణం లేకపోతే రేపు మాట మారుస్తారు. మన లంక గ్రామాల బండి కదా, వరద నీళ్లు వెళ్లాయనీ, ఉప్పుగాలికి కనెక్టర్ పిన్నులు పచ్చగా చిలుం పట్టాయనీ అంటారు.

అందుకే ఈ వారమే స్పీడ్ పోస్టులో, ఈమెయిల్‌లో నోటీసు పంపండి. నిరాకరణకు కారణం రాతపూర్వకంగా ఇవ్వమనండి. జాబ్ కార్డు (బండి దించినప్పుడు షోరూం రాసే పని చీటీ), స్కానర్ రిపోర్టు కాపీలు అడగండి. పాత మాడ్యూల్ పారేయకుండా ఇరుపక్షాల ఎదుట పరీక్షకు తెమ్మనండి. నోటీసు అందాక కూడా దాన్ని మాయం చేస్తే, అది వాళ్లకు వ్యతిరేకంగా ఉండేదని భావించమని కమిషన్‌ను కోరవచ్చు. వీధి చివర ఎలక్ట్రీషియన్ రాసిచ్చే కాగితానికి బలం తక్కువ. లైసెన్సున్న మోటారు సర్వేయరు నివేదిక తీసుకోండి. కమిషన్ ద్వారా ల్యాబ్ పరీక్ష కూడా అడగవచ్చు, ఖర్చు ముందు మీరే పెట్టుకోవాలి. వాట్సాప్ సంభాషణలుంటే ఫోను మార్చకండి. వాటికి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి.

షాపతని బిల్లు మాత్రం ముట్టుకోవద్దు. మీరు బండి దించిన రోజే షోరూం వాళ్లు ఆ బల్బులకు ఫొటోలు తీసి ఉంటారు, జాబ్ కార్డులో రాసి ఉంటారు. షాపు బిల్లు పుస్తకంలో ముందు వెనుక నంబర్ల తేదీలు చూస్తే చాలు, అబద్ధం బయటపడుతుంది. ప్రమాణపత్రంతో ఆ బిల్లు దాఖలు చేస్తే అది తప్పుడు సాక్ష్యం. 62,400 కోసం వెళ్లి క్రిమినల్ కేసు తెచ్చుకుంటారు.

వినియోగదారుల రక్షణ చట్టం 2019లోని 69వ సెక్షన్ ప్రకారం గడువు 2 ఏళ్లు. మీకు మిగిలింది 4 నెలలు. ఫోన్లు చేసినా, ఎన్ని నోటీసులు ఇచ్చినా ఆ గడువు పెరగదు. నోటీసులో 15 రోజులిచ్చి, జవాబు వచ్చినా రాకపోయినా ఫిర్యాదు వేసేయండి. ఆలస్యాన్ని మన్నించమని అడిగే అవకాశం చట్టంలో ఉంది గానీ, ఫోన్లు చేస్తూ కూర్చున్నామంటే సరైన కారణమనిపించుకోదు. మీరు ఉంటున్న ప్రాంతం ఏ జిల్లా కమిషన్ పరిధిలోదో అక్కడే వేయవచ్చు, కంపెనీ ఉన్న ఊరికి పోనక్కరలేదు. పొడిగింపుకు కట్టిన 14,000 లెక్కన ఫీజు లేదు, కారు ధర లెక్కేసినా 400. డీలరును, తయారీ కంపెనీని చేర్చి ఊరుకోకండి. పొడిగించిన వారంటీ సర్టిఫికెట్ కింద చిన్న అక్షరాల్లో చాలాసార్లు వేరే సంస్థ పేరుంటుంది, దాన్నీ ప్రతివాదిగా చేర్చాలి.

రిలే లేదని తేలితే షోరూం మీద కేసు వేయమని నేను చెప్పను. రెట్టింపు దగ్గర లోడును పాత సాకెట్‌కే తగిలించిన షాపు మీద సేవాలోపం కింద వేయండి. దానికీ 2 ఏళ్లే గడువు, అదీ దగ్గర పడింది. తేదీ మార్చి రాస్తానంటున్న ఆ షాపతని అసలు బిల్లే అప్పుడు మీకు సాక్ష్యం. దాన్ని జాగ్రత్తగా దాచండి.