అననీయ, సప్పీరా చేసిన తప్పు ఏమిటి?

వందనాలు సోదరీ. మందిర నిర్మాణానికి ఇస్తానని అందరి ముందు చెప్పిన మొత్తంలో సగమే కట్టగలిగానని, మిగిలినది అత్తగారి ఆపరేషనుకు ఖర్చయిపోయిందని రాశారు. ఆ తరువాతి ఆదివారమే అపొస్తలుల కార్యములు 5వ అధ్యాయం మీద ప్రసంగం విని, "నేనూ సప్పీరానేనా?" అని అడుగుతున్నారు. అననీయ, అతని భార్య సప్పీరా పొలం అమ్మి, వచ్చిన డబ్బులో కొంత దాచుకొని, మిగిలినదే మొత్తమన్నట్టు సంఘానికి తెచ్చి ఇచ్చారు, ఆ అబద్ధం బయటపడగానే ఒకరి తరువాత ఒకరు పడి చనిపోయారు, అదీ ఆ అధ్యాయంలోని సంగతి. కాదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, మిగతాది మీరు కాస్త నెమ్మదిగా చదువుకోవచ్చు.

నేను మా సంఘంలో చాలా ఏళ్లు కోశాధికారిగా ఉన్నాను. ఆరాధన అయ్యాక కానుకల సంచి విప్పి, నోట్లు సర్ది, పుస్తకంలో ఎక్కించే బల్ల దగ్గర కూర్చున్నవారికి ఈ వాక్యభాగం ప్రత్యేకంగా తగులుతుంది. అందుకే జవాబు రాయాలనిపించింది.

దీన్ని 5వ అధ్యాయం మొదటి వచనం నుంచి మొదలుపెడితే సగం విషయం చేజారిపోతుంది. 4వ అధ్యాయం 32వ వచనం నుంచి చదవండి. యెరూషలేములో విశ్వసించినవారు ఏకహృదయంతో ఉన్నారు, తమ ఆస్తిని ఎవరూ నాది అనుకోలేదు, వారిలో కొదువతో ఉన్నవారే లేరు. పొలాలు, ఇళ్లు ఉన్నవారు అమ్మి, ఆ సొమ్ము తెచ్చి అపొస్తలుల, అంటే యేసు పంపిన ముఖ్య శిష్యుల, పాదాల దగ్గర పెడితే, ఎవరి అవసరం కొద్దీ వారికి పంచారు. వెంటనే ఈ గ్రంథం రాసిన లూకా ఒక్క మనిషిని పేరు పెట్టి చూపిస్తాడు: కుప్రలో పుట్టిన లేవీయుడు యోసేపు. అపొస్తలులు బర్నబా అని పిలుచుకున్నది ఇతన్నే. పొలం అమ్మాడు, డబ్బు తెచ్చాడు, పెట్టాడు. ఒక్క వాక్యంలో అయిపోయింది. ఆ తరువాతి వాక్యమే అననీయది. బర్నబాకు దక్కిన మంచి పేరు తనకూ కావాలి, అందుకు బర్నబా చెల్లించిన వెల చెల్లించడం మాత్రం ఇష్టం లేదు. ఆ రెండు సంగతులనూ లూకా పక్కపక్కన పెట్టడంలో నాకు కనిపించేది ఇదే.

ఇక అపొస్తలుల్లో ముఖ్యుడైన పేతురు అననీయతో ఏమన్నాడో చూడండి. పొలం అమ్మకముందు నీదే కదా, అమ్మిన తరువాత కూడా ఆ డబ్బు నీ చేతిలోనే ఉంది కదా అని అడిగాడు. అంటే అమ్మకుండా ఉన్నా తప్పు లేదు. అమ్మి, సగం ఇచ్చి, "ఇది సగం" అన్నా తప్పు లేదు. ఆస్తి అంతా ఇచ్చి తీరాలన్న నియమం ఆ సంఘంలో లేనే లేదు. 12వ అధ్యాయానికి వచ్చేసరికి మార్కు అనే మారుపేరు గల యోహాను తల్లి మరియకు యెరూషలేములో సొంత ఇల్లు ఉంది, తలుపు తీయడానికి పనిపిల్ల ఉంది. పేతురు చెరసాల నుంచి బయటపడి నేరుగా వెళ్లింది ఆ ఇంటికే. ఆ ఇల్లు అమ్మలేదేమని ఆమెను ఎవరూ నిలదీయలేదు.

ఆ రోజుల్లోనే మృత సముద్రం ఒడ్డున కుమ్రానులో మరో యూదా సమాజం ఉండేది. అక్కడ చేరినవారి ఆస్తి సమాజపు ఆస్తిలో కలిసిపోవాలి, అది కట్టుబాటు. ఆస్తి విషయంలో తెలిసి అబద్ధమాడినవారిని ఏడాదిపాటు పవిత్ర భోజనానికి దూరంగా ఉంచి, వారి రొట్టెలో నాలుగో వంతు కోత పెట్టాలని ఆ సమాజపు నియమావళిలో ఉంది. యెరూషలేము సంఘంలో అలాంటి కట్టుబాటు లేదు, జరిమానా లేదు. ఇచ్చేవారి మాట మీదే అంతా నడిచింది. అందుకే అక్కడ అబద్ధం అంత లోతుగా కోసింది.

నన్ను ఎక్కువగా ఆపేది సప్పీరా ఘట్టం. భర్త చనిపోయి మూడు గంటలైంది, ఆమెకు తెలియదు. పొలం ఇంతకే అమ్మారా అని పేతురు అడిగాడు. ఆ ప్రశ్న ఆమెకు తెరిచిన తలుపు అని నేను నమ్ముతాను. "లేదయ్యా, కొంత మా దగ్గరే ఉంచుకున్నాం" అంటే చాలు. పైగా అడుగుతున్నది ఎవరు? ప్రధాన యాజకుని ఇంటి ముంగిట యేసును ఎరుగనని మూడుసార్లు బొంకి, బయటికి వెళ్లి వెక్కివెక్కి ఏడ్చినవాడు. ఒప్పుకొని తిరిగి వచ్చినవారికి ఎంత చోటు ఉంటుందో ఆయనకంటే తెలిసినవారు ఎవరు? ఆమె మాత్రం "అవును, ఇంతకే" అంది.

ఇద్దరి చావు గురించి నేను తేలిక చేసి మాట్లాడను. చదివిన ప్రతిసారీ గుండె బరువెక్కుతుంది. సంఘమంతటికీ మిగుల భయం కలిగిందని లూకాయే రాశాడు, మనకూ ఆ భయం ఉండాలి. కానీ అది దేవుని ముందు అబద్ధమాడటానికి భయం. బీదతనానికి కాదు.

మా సంఘంలో చూసినవి రెండు చెబుతాను. కౌలుకు మిరప వేసే ఒక అమ్మ మందిరం గోడలకు పది బస్తాల సిమెంటు ఇస్తానంది. ఆ ఏడు మిరప ధర పడిపోయింది. ఒక ఆదివారం అందరూ వెళ్లేదాకా ఆగి, బల్ల దగ్గరికి వచ్చి, కొంగుముడి విప్పి నాలుగు మడతలు పెట్టిన నోట్లు నా ముందు పెట్టింది. "పది అన్నానయ్యా, మూడింటికే వచ్చాయి. పుస్తకంలో మూడే రాయండి, పది అని ఉంచకండి" అంది. నేను పది కొట్టేసి మూడు రాశాను. ఆమెకు చదువు రాదు. పైకి చదివి వినిపించమంది, విన్నాకే వెళ్లింది. నేను ఆ బల్ల దగ్గర పుచ్చుకున్న కానుకల్లో అంత శుభ్రమైనది మరొకటి లేదు.

ఇంకొకరు బాగా ఉన్నవారు. విధవరాండ్ర సహాయ నిధికి పెద్ద మొత్తం ప్రకటించి, అందులో కొంతే కట్టి, వార్షిక సభలో మాత్రం మొత్తం ఇచ్చినట్టే చదవమన్నారు. రసీదు ఎంతకు ఉంటే అంతే చదువుతామని పెద్దలు చెప్పారు. ఆయనకు కోపం వచ్చింది, కొన్నాళ్లు మందిరానికి రాలేదు. కానీ ఆయన మాట నమ్మి నెలనెలా బియ్యం ఇస్తామని మేము అప్పటికే కొందరు ముసలివారికి చెప్పి ఉన్నాం. కొన్ని నెలలు వారికి బియ్యం తగ్గించాల్సి వచ్చింది. యెరూషలేములో కూడా ఆ డబ్బుతోనే విధవరాండ్రకు అనుదిన పరిచర్య జరిగేది. అబద్ధపు లెక్క ఎక్కడ రాసినా, దాని లోటు చివరికి ఎవరో ఒక ముసలమ్మ కంచంలోనే తేలుతుంది.

మీ పాస్టరు గారు బహుశా ప్రసంగి 5వ అధ్యాయం కూడా ఎత్తి ఉంటారు, మ్రొక్కుకొని చెల్లించకపోవడం కంటే మ్రొక్కుకోకపోవడమే మేలన్న మాట. అదీ దేవుని వాక్యమే, కాదనను. కలిగి ఉండి ఎగవేసేవారికి అది గట్టిగా తగలాలి. అయితే లేవీయకాండము 27:8 కూడా చూడండి. మ్రొక్కుకున్నవాడు ఆ వెల చెల్లించలేనంత బీదవాడైతే యాజకుని ఎదుట నిలబడాలి, యాజకుడు అతని కలిమిని బట్టి వెల మళ్లీ నిర్ణయించాలి. ధర్మశాస్త్రంలోనే ఇంత వెసులుబాటు ఉంది. అపొస్తలుడైన పౌలు కూడా కొరింథు సంఘంవారికి చందా గురించి రాసినప్పుడు, మనసు సిద్ధంగా ఉంటే కలిగినదాన్ని బట్టే ఆ ఇవ్వడం ప్రీతికరమవుతుంది, లేనిదాన్ని బట్టి కాదన్నాడు. అదే అధ్యాయంలో, ఆ సొమ్ము విషయంలో తన మీద ఎవరూ తప్పు మోపకుండా సంఘాలు ఏర్పరచిన సహోదరుణ్ణి వెంట తీసుకెళ్తున్నానని కూడా చెప్పాడు. నిజాయితీ ఇచ్చేవారికి ఎంతో, పుచ్చుకునేవారికీ అంతే.

ఇప్పుడు మీరు చేయవలసింది చిన్న పనే. మీ భర్తను వెంటబెట్టుకొని సంఘ పెద్దలను కలవండి. ఇస్తానన్నది ఎంత, ఇచ్చింది ఎంత, మిగిలింది ఎందుకు ఇవ్వలేకపోయారు, ఉన్నది ఉన్నట్టు చెప్పండి. తరువాత ఇస్తామని మళ్లీ మాట ఇవ్వకండి, అత్తగారి మందుల ఖర్చు ఇంకా ఉంది కదా. ఇచ్చినదానికి రసీదు తీసుకోండి, పుస్తకంలో ఆ మొత్తమే రాయమని అడగండి. మందిరంలో బోర్డు మీద పాత మొత్తం రాసి ఉంటే అది కూడా దిద్దించండి.